వెనక వరసకి రెండు కుండలు

డిసెంబరు 3, 2002
ఆయన స్పీకర్లు చేస్తున్నారు. పాత టేప్‌రికార్డర్లలోవి రెండు విప్పి, ప్లైవుడ్ పెట్టెల్లో బిగిస్తున్నారు. క్రిస్మస్ రాత్రి చర్చి ముందు టీవీ పెట్టి సీడీ సినిమా వేస్తారు. పోయినేడు టీవీ గొంతు మగవాళ్ల వరసలు దాటి మా దాకా రాలేదు. చివర్లో తల్లి కొడుకుతో ఏదో అంది. ముందువాళ్లు ఏడ్చారు. వాళ్లు ఏడ్చారని వెనక మేమూ ఏడ్చాం. ఏమందోనని అత్తకి ఏడాదిగా అదే ధ్యాస. ఈసారీ అదే సినిమా తెమ్మని పట్టుబట్టింది.

"సచ్చీలోగా ఆ మాటొకటి ఇనిపించరా మోసే" అంది ఆయనతో.

డిసెంబరు 8
పెట్టెలు పూర్తయ్యాయి. పాట వేసి ఎలా ఉందని అడిగారు. బాగుందని తలూపాను. అస్సలు బాగోలేదు. పెళ్లయి రెండేళ్లవుతోంది, ఆయనకి ఎదురు చెప్పడం నాకింకా రాదు.

డిసెంబరు 9
అత్త చెప్పేసింది, కప్పకి జలుబు చేసినట్టుందని. నీకూ అలాగే అనిపించిందా అని ఆయన నన్ను అడిగారు. మళ్లీ తలూపాను. రెండు ఊపులకీ తేడా ఆయనకి తెలిసిపోయింది.

డిసెంబరు 11
పెట్టె బాగు చేద్దామని స్పీకర్ ఊడదీసి, పాట మోగుతుండగానే నా నీళ్లకుండ మూతి మీద పెట్టారు. కుండ ఖాళీగా ఉంది. గొంతు మారిపోయింది. డోలు దెబ్బ గుండ్రంగా వచ్చి నా పొట్టలో మోగింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అప్పట్నుంచి బిందెలో నీళ్లే తాగుతున్నాం.

డిసెంబరు 14
సంతకెళ్లాం. రెండో కుండ దీనికి జోడీగా మోగాలట. పగులుందేమోనని వేలి కణుపుతో కొట్టి వినడం మా ఆడవాళ్లకి అలవాటే. నా కుండ చంకనెట్టుకుని, దాన్నొకసారి, కొత్తదాన్నొకసారి కొడుతూ పోయాను.

"ఏటమ్మా, కుండ కొంతావా, సమ్మందం సూత్తన్నావా?" అన్నాడు కుమ్మరి.

సిగ్గేసింది. కొట్టడం ఆపలేదు. దొరికింది.

డిసెంబరు 19
డోలు బాగుంది. మాటలు మాత్రం బావిలోంచి వస్తున్నాయి. నా తలగడ విప్పి బూరుగుదూది కుండల్లో వేశాం. ఎక్కువైతే గొంతు చచ్చిపోతోంది. ఇంకొంచెం తీయండి అన్నాను. నోటితోనే.

డిసెంబరు 24
రేపు కుండలు ఆడవాళ్ల వరసల ముందు పెడతారు. ఆయన టీవీ దగ్గరుంటారు, నేను వెనక వరసలో కూర్చుంటాను. వినపడకపోతే టార్చి వేసి ఎత్తాలి. అరవక్కర్లేదని ఆయనే చెప్పారు. బతికాను.

డిసెంబరు 26, పొద్దున్నే
ప్రతి మాటా మా దాకా వచ్చింది. అత్త కాళ్లు చాపుకుని విన్నది. చివరి సీను ముందర ఒక కుక్క పరిగెత్తి కుండల తీగ తెంపేసింది. ముందువాళ్లకి టీవీ గొంతే చాలు, ఎవరూ వెనక్కి చూడలేదు. టార్చి నొక్కాను. వెలగలేదు. సాయంత్రమంతా అత్త దాంతోనే చెప్పులు వెతుక్కుంది. తెర మీద తల్లి కొడుకు వైపు నడుస్తోంది. లేచి నిలబడ్డాను.

"ఏవండీ, ఆపండి! కుండలు పలకట్నేదు!"

ఊరంతా వెనక్కి తిరిగింది. ఆయన నవ్వుతూ తీగ కలిపారు. పాస్టరుగారు ఆ సీను మళ్లీ మొదట్నుంచి వేయించారు. ఈసారి ఎందుకో తెలిసే ఏడ్చాం.

డిసెంబరు 27
ఆ తల్లి అన్నదానికంటే ఏడాదిగా తను అనుకున్న మాటే బాగుందట అత్తకి. అదేమిటని అడిగాం. వచ్చే క్రిస్మస్‌కి మైకు ఇస్తే కుండల్లో చెబుతుందట.