చెవి నరం

మార్చి 3, సోమవారం

ఈ పని ఎప్పుడు మానేస్తానా అని ఇంట్లో అప్పుడే పందేలు మొదలయ్యాయి. టెన్త్ మధ్యలో బడి మానేశాక మెకానిక్ షెడ్డు, ప్రింటింగ్ ప్రెస్సు, కొరియర్ బండి, అన్నీ చూశాను. ఏదీ పట్టుమని ఏడాది నిలవలేదు. అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. ఇప్పుడా పిల్లిని తెచ్చి చెవులపిల్లుల దగ్గర పెట్టారు.

రీసెర్చ్ బిల్డింగ్ వెనక యానిమల్ హౌస్. కిటికీ లేదు. ఏసీ రొద, ఎండుగడ్డి వాసన. పంజరాలు కడగాలి, మేత వెయ్యాలి, నీళ్ల సీసాలు మార్చాలి. స్టూల్ మీద కూర్చుంటే నా కాలు దానంతటదే ఊగుతుంది. ఇక్కడ పీహెచ్‌డీ చేసే అక్క అది చూసి, ఆ కాలికి డైనమో కడితే మా ఫ్రీజర్లన్నీ నడుస్తాయంది.

మార్చి 5, బుధవారం

అసలు ఈ కుందేళ్లతో ఏం చేస్తారని అక్కని అడిగాను. గోడకి ఆనుకుని చెప్పింది. మన ఒంట్లో డీఎన్‌ఏ దారంలా ఉంటుందట. అది హిస్టోన్లనే ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఒక్కో ఉండకి చిన్న తోక. ఆ తోక మీద ఫలానా చోట ఒక గుర్తు పడితే, అక్కడి జీన్ నోరు మూసుకుంటుంది. ఆ గుర్తు పేరు హెచ్3కె27 ట్రైమిథైల్. రైలు నంబర్‌లా ఉందన్నాను. నవ్వింది.

గుర్తు కంటికి కనపడదు కాబట్టి దాన్ని పట్టుకునే యాంటీబాడీ కావాలి. కొన్న సీసా అయిపోయింది. అదే పేరుతో కొత్త సీసా తెప్పిస్తే అది పక్కనున్న గుర్తుల్ని కూడా పట్టుకుంటోంది. మా వీధి కుక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు కరెంటు మీటర్ చూసే అతన్ని ఒక్కడినే చూసి మొరిగేది. ముసలైపోయాక మా నాన్నని కూడా వదలట్లేదు. అక్క, సరిగ్గా అదే, అంది.

అందుకే ఆ గుర్తున్న చిన్న ముక్కని ఇక్కడి రెండు కుందేళ్లకి ఇంజెక్షన్ ఇచ్చారు, వాటి రక్తంలో ఆ యాంటీబాడీ తయారవుతుందని. ఒకటి బుద్ధిమంతురాలు, ఎవరు ఎత్తుకున్నా ఊరుకునేది. దాని రక్తంలో తయారైంది ముసలైపోయిన వీధి కుక్క రకం. పనికి రాదని తీసేశారు. తీసేశారంటే ఏంటో అడగలేదు. పంజరం ఖాళీగా ఉంది.

రెండోది మొండి. ఆ పేరు నేను పెట్టాను.

అదే రోజు, సాయంత్రం 5

మొండి చెవి నుంచి కాస్త రక్తం తియ్యాలి. బల్ల మీద పెడితే అక్క మణికట్టు గీరేసింది. కుందేలు బెదిరితే చెవి చల్లబడుతుంది, నరం దాక్కుంటుంది, ఎన్నిసార్లు పొడిచినా చుక్క రాదు. నేను స్టూల్ మీద కూర్చుని ఒళ్లోకి తీసుకున్నాను. ఎందుకో కాసేపటికి చల్లబడింది. చెవి మాత్రం వెచ్చబడింది. నీలంగా నరం తేలింది. ట్యూబ్ నిండింది.

అంతా అయ్యాక అక్క నా మోకాలి వైపు చూసి, డైనమో ఆగిపోయిందే అంది. నేను గమనించనే లేదు.

మార్చి 10, సోమవారం

అక్క పరిగెత్తుకుంటూ వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది. బూడిద రంగు మీద ఒకే ఒక్క నల్ల గీత. మొండి రక్తం ఆ గుర్తుని తప్ప దేన్నీ ముట్టుకోలేదట. ఇంకా కావాలి, చాలా కావాలి అంది. ఆ మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయిందో, కళ్ల కింద చారలు.

మార్చి 12, బుధవారం

బావ ఇంటికొచ్చాడు. లాంగ్ రూట్ గూడ్స్ వ్యాన్‌కి రెండో డ్రైవర్ కావాలట. 28 పొద్దున బయలుదేరాలి. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. వింటుంటేనే అరికాళ్లు జిలజిలలాడాయి. వస్తానన్నాను. అమ్మ పందెం గెలిచింది.

మార్చి 13, గురువారం

మానేస్తానని అక్కకి చెప్పాను. ల్యాబ్ నడిపే పెద్దసార్ పిలిపించాడు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. ఎవరో ఒకరు కుందేల్ని కదలకుండా పట్టుకుంటే నెలకోసారి కాస్త కాస్త తీసుకోవచ్చు, అది బతికే ఉంటుంది. పట్టుకునేవాడు లేకపోతే ఒకేసారి మొత్తం తీసేసుకోవాలి. దాన్ని ఫైనల్ బ్లీడ్ అంటారు.

మొత్తం అంటే మొత్తమే.

మార్చి 14

వేరేవాళ్లకి నేర్పుతా. అదేమన్నా బ్రహ్మవిద్యా?

మార్చి 24, సోమవారం

బ్రహ్మవిద్యే.

ముందు వాచ్‌మన్ బాబాయ్ కూర్చున్నాడు. మొండి ఆయన పొట్ట మీద రెండు కాళ్లతో తన్ని, భుజం మీంచి దూకి, ఫ్రిజ్ వెనక దూరింది. చిన్నప్పుడు ఎడ్లనే లొంగదీశానని చెప్పుకునే మనిషి, చొక్కా గుండీలు ఏరుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత ఊడ్చే పిన్ని. ఆవిడ ఎంత నెమ్మదో. అయినా చెవి తెల్లగా పాలిపోయింది, నరం జాడే లేదు. అక్క వేడి గుడ్డ పెట్టింది, లైట్ పెట్టింది, నాలుగుసార్లు పొడిచింది. రాలేదు. సూది పక్కన పడేసి మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

నేను పంజరం తలుపు వేస్తుంటే మొండి నా వేలు వాసన చూసింది. దానికేం తెలుసు.

శుక్రవారం పది గంటలకి ఫైనల్ బ్లీడ్ అని పెద్దసార్ చెప్పేశాడు. 28.

మార్చి 25, మంగళవారం

మొండికి నొప్పి తెలుస్తుందా అని అడిగాను. ముందు మత్తు ఇస్తామంది అక్క. ఒకేసారి తీసింది నీకు సరిపోతుందా అన్నాను. థీసిస్‌కి సరిపోతుంది, ఆ తర్వాత ఎవరికీ ఉండదంది. దీనిలాంటిది మళ్లీ పుడుతుందని గ్యారంటీ లేదట. అదే ఇంజెక్షన్ ఇంకో వంద కుందేళ్లకి ఇచ్చినా సరే.

నేనుంటే? అని నోటిదాకా వచ్చింది. తనకి తెలిసిపోయినట్టుంది.

"నిన్ను ఉండమని నేను అడగను తమ్ముడూ. అడిగితే నువ్వు మొహమాటానికి ఉంటావ్. మొహమాటానికి కూర్చున్నవాడి ఒళ్లో అది కూర్చోదు."

మార్చి 26

బావతో మాట వరసకి కుందేలు సంగతి చెప్పాను. స్టీరింగ్ మీద కొట్టుకుని మరీ నవ్వాడు.

"కుందేలు కోసం బండి వదులుకుంటావట్రా? నీ జన్మలో నీ కాలు ఒక్కచోట నిలిచిందట్రా?"

నేనూ నవ్వాను. తర్వాత వ్యాన్ టైర్లన్నీ తన్ని చూశాను. గాలి బాగానే ఉంది. క్యాబిన్‌లో నా సీటు పక్కన పెద్ద అద్దం. అందులో వెనక రోడ్డంతా కనపడుతుంది.

శుక్రవారం పదింటికి బిల్డింగ్ గేటు దగ్గర ఎక్కించుకుంటానన్నాడు. మూడుసార్లు హారన్ కొడతాడట. రాకపోతే ఆగడట.

మార్చి 27, గురువారం

బట్టలు సర్దాను. తీశాను. సర్దాను. అమ్మ చూసి, బ్యాగు కూడా నీలాగే తయారైందిరా అంది.

పెద్దసార్ రూమ్ ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పాలి? ఉంటానని చెప్పి, నెల తిరక్కుండానే పారిపోతే? ఉంటాననే మాట నా నోటికి అలవాటు లేదు.

మార్చి 28, శుక్రవారం

బ్యాగు తలుపు దగ్గర పెట్టాను. బల్ల మీద మత్తు ఇంజెక్షన్, పెద్ద సిరంజి. స్టూల్ లాక్కుని కూర్చుని మొండిని ఒళ్లోకి తీసుకున్నాను. అక్క నా మొహం చూసింది. పెద్దసార్ వైపు చూసింది. ఆయన గడియారం చూసుకున్నాడు, కానీ అక్క పెద్ద సిరంజి పక్కకి జరుపుతుంటే ఆపలేదు. అక్క చిన్న సూది తీసింది.

చెవి వెచ్చబడింది. నరం తేలింది.

బయట హారన్. ఇంకోటి. మూడోది పొడుగ్గా కొట్టాడు.

మొండి రెండో చెవి అటు తిరిగింది.

నా కాలు కదల్లేదు.