దొంగ కాగితంలో నీ పేరు

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మెడలో మూడు సింహాల గుర్తున్న కార్డు వేసుకుని ఒకడు మన ఉప్పుగూడ ఇంటికి వచ్చాడు.

"పాస్టరన్నా, సర్కారు నుంచి వచ్చిన. కొత్త రేషన్ కార్డుకు వేలిముద్ర పెట్టు, లేకుంటే బియ్యం బంద్."

అధికారులకు లోబడమని గొంతు చించుకుని బోధించేవాణ్ణి కదా, వేలు చాచాను. అంతలో అతని కాగితంలో నా పేరు కింద నీ పేరు కనబడింది. నువ్వు పోయాక రేషన్ ఆఫీసులో దాన్ని కొట్టేయించింది నేనే. నిజంగా సర్కారు కాగితమైతే అందులో నీ పేరు ఉండదు.

"ఎవడ్రా పంపింది?" అని గద్దించాను.

"లోన్ల కంపెనీ అన్నా, వేలిముద్రలు తెమ్మన్నరు. లొల్లి చెయ్యకు!" అంటూ కాగితం వదిలేసి పారిపోయాడు.

అబద్ధాన్ని అగ్నిలో వేయమని ప్రతి ఆదివారం అరుస్తాను. ఈ కాగితాన్ని మాత్రం పరిశుద్ధ గ్రంథంలో దాచుకున్నాను. అందులో మనమిద్దరం ఇంకా ఒకే ఇంట్లో ఉన్నాం.