అచ్చం నాన్న చెయ్యి

శుక్రవారం రాత్రి, ఖమీస్ ముషైత్, సౌదీ అరేబియా.

మోరాగ్ నా బొమ్మ గొంతు కోసేసింది.

నెలరోజులుగా ఎదురు విల్లాలో ఆమె నా బొమ్మ గీస్తుంటే కదలకుండా కూర్చున్నాను. స్కాట్లాండ్‌లో వాళ్ల తాత, నాన్న, అన్న అందరూ పేరున్న చిత్రకారులే. ఈవేళ బొమ్మ పూర్తయింది. మా వైపు ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు కదా అని, "అచ్చం మీ నాన్నగారి చెయ్యే" అన్నాను ఇంగ్లీషులో.

కాన్వాస్ కోసే కత్తి తీసి ఒక్క పోటు పొడిచింది. గొంతు నుంచి నుదుటి దాకా చీల్చేసింది. "ఆయన్ని పాతిపెట్టి వచ్చాను. ఇక్కడికి కూడా వచ్చాడా!" అని అరిచింది. కత్తి జారి అరచెయ్యి తెగినా ఆగలేదు. నా ముఖం పీలికలైంది, దాని మీద ఆమె నెత్తురు.

మా ఇంటికి లాక్కొచ్చి కుట్లు వేశాను. చివరి ముడి వేస్తుంటే మావారు తొంగిచూసి మురిసిపోయారు.

"అబ్బ, ఎంత సన్నటి కుట్లు! అచ్చం మామయ్యగారి చెయ్యే."

నాన్నా సర్జనే. నేను సర్జన్‌నైన రోజు నుంచీ వింటున్న మాటే ఇది. ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని.

నా పిడికిట్లో బిగుసుకున్న కత్తెరను మోరాగ్ తన మంచి చేత్తో మెల్లగా విడిపించింది.