ప్లేటు మాస్టర్ బళ్ళు

మార్చి 4, సోమవారం

ఈ రోజు నుంచి కొత్త రూలు. పొగ గొట్టం దగ్గర మీటరు పెట్టి, అంకె చూసి పంపేస్తే చాలదు. బోనెట్ ఎత్తాలి. ఈజీఆర్ ఉందో, పీకేశారో చూడాలి. మేనేజర్ పొద్దున్నే మా పొల్యూషన్ టెస్ట్ సెంటర్లో అందరినీ నిలబెట్టి చెప్పాడు. మిగతావాళ్ళు మూలిగారు. వంగి వంగి నడుములు పడిపోతాయన్నారు. నేను మాత్రం లోపల్లోపల ఎగిరి గంతేశాను.

ఈజీఆర్ అంటే ఇంజను వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజనుకే పట్టించే సామాను. ఒక వాల్వు, ఒక పైపు, పొగను చల్లబరిచే ఒక కూలర్. దానివల్ల విషపు గాలి బయటికి తక్కువ పోతుంది. కాకపోతే లోపల మసి పేరుకుని బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందుకని డీజిల్ ఎస్‌యూవీల వాళ్ళు దాన్ని పీకించి, ఆ కన్నం మీద ఇనప ప్లేటు వేయించేస్తారు. ఈ ఊళ్ళో ఆ పనికి ఒకడే మొనగాడు. ప్లేటు మాస్టర్ అంటారు. మూడేళ్ళ క్రితం దాకా నా మొగుడు.

మధ్యాహ్నం ఒక తెల్ల బండి వచ్చింది. బోనెట్ ఎత్తగానే తెలిసిపోయింది. ప్లేటు నాలుగు మూలలూ ఆకురాయితో గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. ఒకసారి ప్లేటు మూల కోసుకుని అతని బొటనవేలికి కుట్లు పడ్డాయి. అప్పటినుంచీ అరగదీయనిదే బిగించడు. ఆ వేలికి రోజూ కట్టు మార్చింది నేనే.

ఫెయిల్ ముద్ర కొట్టాను. చాలా గట్టిగా కొట్టినట్టున్నాను, పక్క లైన్లో వాళ్ళు తిరిగి చూశారు.

మార్చి 5

మూడు బళ్ళు. మూడూ ఆయనగారివే. మూడూ ఫెయిల్. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

మార్చి 9, శనివారం

కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, ఇంజను పని మీకింత బాగా ఎలా వచ్చిందని. పెళ్ళితో వచ్చిందన్నాను. నవ్వింది. నేను నిజమే చెప్పాను.

గ్యారేజీ పెట్టినప్పుడు మేమిద్దరమే. బ్రేకులు, గేరుబాక్సు నావి. ఇంజను అతనిది. బోర్డు మీద పేరూ అతనిదే.

అంతా చెడిన ఆ రోజు వచ్చింది డాక్టరమ్మ బండి. ఆస్పత్రిలో అందరికీ మా గురించి చెప్పి, మాకు పేరు తెచ్చిన మనిషి. కూలర్ పీకేశాక, దానిలోంచి పారే నీళ్ళ గొట్టాలు రెంటినీ కలిపి క్లిప్పు బిగించాలి. కలిపాడు. బిగించలేదు. ఫోన్ వస్తే మాట్లాడుతూ అటు వెళ్ళాడు. వచ్చి, రేడియేటర్లో నీళ్ళు పొయ్యమని నాకు చెప్పాడు. పక్క బండి చక్రం దగ్గర్నుంచి లేచి వచ్చి పోశాను. అతనే బోనెట్ దించాడు. ఆ బండికి నా చెయ్యి తగిలింది అంతవరకే.

సాయంత్రం ఎత్తు రోడ్డు మీద గొట్టం ఊడింది. నీళ్ళన్నీ పోయి ఇంజను పట్టేసింది. బండిని లారీ మీద ఎక్కించుకుని తెచ్చారు. క్లిప్పు గొట్టం మీద వదులుగా వేలాడుతోంది, దాని స్క్రూ తిప్పిన జాడే లేదు. యార్డు నిండా జనం. డాక్టరమ్మ మొహం ఎర్రగా ఉంది. అతను నా వైపు చూడకుండానే వేలితో నన్ను చూపించాడు. నీళ్ళు పోసింది తనేనండీ, గొట్టం కదిలించి ఉంటుంది, ఆడదాని చేతికి ఇంజను ఇస్తే ఇంతే అన్నాడు. ఎవరో నవ్వారు.

 నేను మాట కోసం వెతుక్కునేలోపే అందరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ నన్ను బ్రేకులు కూడా ముట్టుకోనివ్వలేదు. ఇంట్లో ఉండమన్నాడు. ఉన్నాను, కొన్నాళ్ళు. తర్వాత ఉండలేకపోయాను. విడిపోయేటప్పుడు కూడా ఆ సంగతి అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎత్తలేదంతే. మర్చిపోలేదు.

మార్చి 13

అత్తయ్య ఫోన్ చేసింది. మాజీ అత్తయ్య అనాలేమో. అంటే ఊరుకోదు.

వాడికి ముద్ద దిగట్లేదే అంది. తెల్లారేసరికి వాకిట్లో ఎవడో ఒకడు నిలబడి అరుస్తున్నాడట. పీకినవి మళ్ళీ పెట్టమంటున్నారట. పెట్టడానికి సామాను ఏదీ? ఎప్పటివప్పుడు పాత ఇనుముకి వేసేశాడు. ఫెయిల్ చేస్తున్నది నువ్వేనటగా అంది. నేనే అన్నాను.  ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. గొంతు బాగా తగ్గించి, రేపొక నల్ల బండి వస్తుంది, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, కిందనుంచి చూడు అంది.

కన్నతల్లి! నవ్వాగలేదు నాకు. ఆవిడకీ కొడుకుతో ఏదో తేల్చుకోవాల్సింది ఉన్నట్టుంది. నేను అడగలేదు. తిన్నావా అని మాత్రం అడిగి పెట్టేసింది.

మార్చి 14

కిందనుంచి చూశాను. ఫెయిల్.

మార్చి 20

మేనేజర్ గదిలోకి పిలిచాడు. ఒకే గ్యారేజీ బళ్ళు వరసపెట్టి ఫెయిలవుతున్నాయని ఫిర్యాదు వచ్చిందట. కక్ష అంటున్నారమ్మా అన్నాడు. అతను మీ ఆయనేగా అన్నాడు. ఒకప్పుడు అన్నాను. ఫోన్లో ఫోటోలు తీసి బల్ల మీద పెట్టాను. ప్రతి బండికీ ప్లేటు ఉంది. వేరే గ్యారేజీలవీ ఉన్నాయి, అవీ ఫెయిలే. అన్నీ ఓపిగ్గా చూసి, కక్షయినా కరెక్టుగానే ఉందే అని తల గోక్కున్నాడు.

కక్షే. ఇక్కడ రాసుకోవడానికి నాకేం మొహమాటం? మిగతావాళ్ళ బండిని డ్యూటీ కోసం చూస్తాను. అతని బండిని ఆకలితో చూస్తాను.

మార్చి 28

తెలివి మీరాడు.

ఈ రోజు వచ్చిన బండిలో సామానంతా ఉంది. వాల్వు, పైపు, కూలర్, మెరిసిపోయే బోల్టులు. చూడగానే ఉసూరుమన్నాను. పాస్ కొట్టబోయి ఆగాను. ఇంజను ఆపొద్దని ఓనరుకి చెప్పి, బాగా వేడెక్కేదాకా నడవనిచ్చాను. అప్పుడు మడిచిన వేలితో పైపు ముట్టుకున్నాను. వేడి పొగ పారే పైపు. చెయ్యి చుర్రుమనాలి. చల్లగా ఉంది.

పైపు చల్లగా. నా కడుపు చల్లగా.

ఓనరు నమ్మలేదు. ఇంజను చల్లారాక జాయింటు విప్పి చూపించాను. రెండు గాస్కెట్ల మధ్య, పొగకి అడ్డంగా, రేకులాంటి ప్లేటు. అంచులు కంటికి ఆనకుండా కొలిచి కోశాడు. పనితనం ఒప్పుకోవాల్సిందే. ఎంత ఓపిక! అందులో పిసరంత నా మీద పెట్టి ఉంటే ఈ పాటికి ఏ గొడవా లేకపోయేది.

ఆ ప్లేటు ఓనరే జేబులో వేసుకుపోయాడు. మాస్టర్ మొహాన కొడతానన్నాడు. ఆ ముచ్చట చూసే భాగ్యం నాకు లేదు.

ఏప్రిల్ 3

డాక్టరమ్మ వచ్చింది.

అదే బండి. ఇంజను మారింది. నన్ను గుర్తుపట్టింది, వెంటనే ఫోన్లోకి తల దూర్చేసింది. బోనెట్ ఎత్తాను. గుండ్రటి మూలల ప్లేటు. ఇంజను పోయినా మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళింది, మళ్ళీ అదే పని చేయించుకుంది. తప్పంతా నాదని నమ్మింది కాబట్టే కదా!

అందరికీ చెప్పినట్టే ఆవిడకీ చెప్పాను. ఇది లేదు, ఇక్కడ ప్లేటు ఉంది, ఫెయిల్. అవతల పేషెంట్లు కూర్చుని ఉంటారు, ఈసారికి చూడమ్మా అంది. చూసే చెబుతున్నానండీ అన్నాను.

భలే వచ్చింది ఆ మాట. ఇంటికొచ్చేదాకా నాలో నేనే అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 5

వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ముందు నన్ను మేడమ్ అన్నాడు.

చిక్కాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. డాక్టరమ్మ అల్టిమేటం ఇచ్చిందట. ఆస్పత్రి బళ్ళన్నీ ఆవిడ మాట మీదే వస్తాయి, ఆవిడ పోతే గ్యారేజీకి తాళమే అన్నాడు. ఆవిడ బండికి పాత సామాను ఎక్కడెక్కడో వెతికి తెచ్చి బిగిస్తున్నాడట, గురువారం తెస్తాడట. మిగతా బళ్ళ విషయంలో మీరు కాస్త పట్టు సడలిస్తే అన్నాడు. మీరు! కాపురం చేసినన్నాళ్ళూ ఒసేయ్ తప్ప విన్న పాపాన పోలేదు.

అతన్ని ఏవండీ అని తప్ప పిలవని నేను మొదటిసారి నువ్వు అన్నాను. నోటికి కొత్తగా, కారంగా ఉంది.

"నువ్వు డాక్టరమ్మకి నిజం చెప్పు. నా ఎదురుగా. ఆ క్లిప్పు బిగించనిది నువ్వేనని."

"చెబితే?"

"నీ బళ్ళని కూడా అందరి బళ్ళలాగే చూస్తాను. అంతకన్నా తక్కువా చూడను, ఎక్కువా చూడను."

సరే అన్నాడు. వెంటనే. ఆలోచించలేదు, బేరమాడలేదు. పరువు కోసం పెళ్ళాన్ని బలిపెట్టిన మనిషి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడో.

ఏప్రిల్ 10

రేపే. యూనిఫాం ఇస్త్రీ చేశాను. అయిపోయాక మళ్ళీ చేశాను.

ఏప్రిల్ 11, గురువారం, మధ్యాహ్నం

స్టోర్ రూములో కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళ్ళేదాకా ఆగలేను.

ఇద్దరూ కలిసే వచ్చారు. బండి లైన్లో పెట్టి అతను నా ఎదురుగా నిలబడ్డాడు, పక్కన డాక్టరమ్మ. "డాక్టర్ గారూ, అప్పుడు క్లిప్పు బిగించనిది నేనేనండీ. తన తప్పేమీ లేదు" అన్నాడు. ఫోన్ నంబరు చెప్పినట్టు చెప్పాడు. తడబడలేదు, కందిపోలేదు.

నేను డాక్టరమ్మ మొహమే చూస్తున్నాను. ఈ మాట వింటే ఆ మొహం ఎలా మారుతుందో ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఏమీ మారలేదు. ఆవిడ అయోమయంగా అతని వైపు తిరిగి, "అదేంటి, అప్పుడే చెప్పావుగా నాకు" అంది.

అప్పుడే చెప్పాడు. ఇంజను పట్టేసిన మర్నాడే ఆస్పత్రికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడట. తప్పు నాదే, వేరే ఇంజను ఎక్కించి ఇస్తాను, బయట మాత్రం అనకండి, గ్యారేజీ పేరు పోతుంది అన్నాడట. మా ఆవిడదేముంది, ఇంట్లో ఉంటుంది అన్నాడట. ఆవిడ సరేనంది.

"మొగుడూపెళ్ళాల మధ్య నేనెందుకు దూరడం అనుకున్నానమ్మా. మీరిద్దరూ మాట్లాడుకునే అలా అన్నారనుకున్నా" అంది. ఆ గొంతులో నిజంగానే మెత్తదనం ఉంది. అది ఇంకా మంట.

ఎప్పుడో ఆవిడకి అమ్మేసిన సరుకునే ఈ రోజు మళ్ళీ నాకు అమ్మాడు. అతని మూతి మీద చిన్న నవ్వు. నేను చూడలేదనుకున్నాడు.

టెస్ట్ చెయ్యాలి కదా. బోనెట్ ఎత్తాను. ఒక్క ప్లేటు, ఎక్కడో ఒక్క ప్లేటు దొరికితే చాలు అనుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఇంజను నడవనిచ్చి పైపు ముట్టుకున్నాను. కాలింది. వేలు వెంటనే తియ్యలేదు.

పాస్. నా చేత్తో నేనే కొట్టాను. డాక్టరమ్మ థాంక్స్ చెప్పి వెళ్ళింది.

ఏప్రిల్ 11, రాత్రి

వేలు బొబ్బెక్కింది. అడగాల్సింది అతన్ని కాదు. నాకు మాత్రం నోరు లేదా?

ఏప్రిల్ 14, ఆదివారం

గ్యారేజీకి వెళ్ళాను.

ఆదివారం పొద్దున అక్కడ ఇసుకేస్తే రాలదు. నేను ఫెయిల్ చేసిన బళ్ళే సగం. ఓనర్లు చుట్టూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఒకాయన పక్కాయన్ని పొడిచాడు. అత్తయ్య పక్కనే ఉన్న ఇంటి వరండాలోంచి చూసి, పరుగున లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

అతను చేతిలో స్పానర్‌తో వచ్చాడు. ఏం కావాలి మేడమ్ అన్నాడు, నలుగురికీ వినబడేలా.

"నీతో కాదు పని" అన్నాను. జనం వైపు తిరిగాను.

"డాక్టరమ్మ బండి ఇంజను పట్టేసింది గుర్తుందిగా. ఆ రోజు ఇక్కడ చాలామంది ఉన్నారు. క్లిప్పు బిగించనిది ఈయన. నేను కాదు. ఆ సంగతి ఈయనకి తెలుసు, డాక్టరమ్మకి తెలుసు. మీకు తెలియదు. చెప్పిపోదామని వచ్చాను."

గొంతు పెంచలేదు. అవసరం పడలేదు. ఎవరో కంప్రెసర్ ఆపేశారు.

నిజమేనా మాస్టర్ అన్నాడొక గడ్డమాయన. అతను నోరు తెరిచాడు. మాట కోసం వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాట నాకు బాగా తెలుసు. నేను తొందరపెట్టలేదు. కళ్ళు తిప్పకుండా, కళ్ళారా చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఫెయిల్ చేసిన బళ్ళన్నీ ఒకెత్తు, ఈ నాలుగు క్షణాలూ ఒకెత్తు.

"అడుగుతున్నారుగా, చెప్పరా" అంది వెనకనుంచి వాళ్ళమ్మ.

స్పానర్ బల్ల మీద పెట్టాడు. నేనే అన్నాడు. ఈసారి మొహం కందిపోయింది. చెవుల దాకా. ఎవరూ నవ్వలేదు.

మా బళ్ళకి మీరే బిగించిపెట్టరాదూ అని ఒకరిద్దరు నా వెంట గేటు దాకా వచ్చారు. కుదరదన్నాను. ముందు అతని చేతే బిగించుకుని రండి, నేను చూస్తాను అన్నాను.

దారి పొడుగునా నవ్వుకుంటూ నడిచాను. ఎదురొచ్చినవాళ్ళు పిచ్చిదనుకుని ఉంటారు. అనుకోనీ.

ఏప్రిల్ 27

అత్తయ్య ఫోన్. బోర్డు మీద ప్లేటు మాస్టర్ అన్న మాట చెరిపించాడట. ఆస్పత్రి బళ్ళు వేరే గ్యారేజీకి పోతున్నాయట. పీకినవన్నీ తనే తిరిగి బిగిస్తున్నాడట, పొద్దస్తమానం, ఎవరితోనూ మాట్లాడకుండా.

జాలి వేస్తుందేమోనని కాసేపు కూర్చుని చూసుకున్నాను. వెయ్యలేదు.

మే 30

ఈ నెలంతా అతని ప్లేటు ఒక్కటీ తగల్లేదు.

ఈ రోజు ఎవరిదో బండి. బోనెట్ ఎత్తాను. దించాను. మళ్ళీ ఎత్తాను. ఏమైనా ఉందా అమ్మా అన్నాడు ఓనరు.

ఏమీ లేదన్నాను. లేనిదాన్నే చూస్తున్నానన్నాను.