టిన్ రూస్టర్ రసానికి ఆరు మార్కులు

పైక్ బెండ్, విస్కాన్సిన్
1984 ఫిబ్రవరి

'రుచుల బాటసారి' అని పేరు పెట్టుకున్న పెద్దమనిషికి, మన ఊరి వారపత్రిక ఆఫీసు ద్వారా,

అయ్యా,

మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఉత్తరం రాసేదాన్ని కాదు, గరిటె పట్టుకుని మీ ఇంటికే వచ్చేదాన్ని.

ఊరి పబ్బులన్నీ తిరిగి ఫ్రెంచ్ డిప్‌లు తిని మార్కులు వేస్తానని బయల్దేరారు. సంతోషం. పొడుగాటి రొట్టెలో పల్చగా కోసిన బీఫ్ పెట్టి, పక్కన కప్పులో వేడివేడి మాంసం రసం పోసి, ముంచుకు తినండి బాబూ అని ఇస్తాం. గోల్డెన్ పైక్ పబ్బుకు పదికి తొమ్మిది వేశారు. వాళ్ళ రసం ప్యాకెట్లోంచి వస్తుందని వాళ్ళ పిల్లికి కూడా తెలుసు. నా టిన్ రూస్టర్‌కు ఆరు. సరే, ఆరూ మింగాను. కానీ ఆ వాక్యం ఏమిటండీ?

"టిన్ రూస్టర్ రసంలో రొట్టె ముంచి నోట్లో పెట్టుకోగానే మా తాతయ్య చావు భోజనం గుర్తొచ్చింది. అయినా ఏదో ఒకటి తక్కువైంది. ఆ ఒకటి మాటకు అందడం లేదు."

చావు భోజనమా? పత్రిక వచ్చిన రోజు నుంచి మా ముసలాళ్ళు టోపీలు తీసి, తలలు వంచుకుని మరీ తింటున్నారు. ఎవడో పూలదండ పంపాడు, 'దివంగత ఆవుకు' అని చీటీ కట్టి.

నవ్వులు పోనివ్వండి, అసలు బాధ వేరే ఉంది. నా రసం కాచే మనిషి ఆ వాక్యం చదివి ఆలుగడ్డల బస్తా మీద కూలబడ్డారు. ఆ మనిషి గురువారం ఒక్కరోజే వస్తారు. దొడ్డి తలుపున రావడం, దొడ్డి తలుపున పోవడం. ఎవరన్నది ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని మా ఇద్దరి ఒప్పందం. "నా వంట ఊరి నోట్లో పడింది, ఇక నేను రాను" అంటున్నారు. ఆ చెయ్యి పోతే నా పబ్బులో మిగిలేది బీరు, పేకముక్కలు, నా మొహం. ఈ మూడింటి కోసం ఎవరొస్తారు?

ఈస్టర్‌కు ముందు మీరు వేసే ఆఖరి పట్టికలో ఆ వాక్యం ఉండకూడదు.

ఇట్లు,
బెర్నడీన్ వోయ్‌చిక్,
టిన్ రూస్టర్ యజమానురాలు

తా.క.: తినడం అయ్యాక మీరు కప్పెత్తి రసం తాగేశారట. వంటింటి కిటికీలోంచి మా వంటమనిషి చూశారు. ఆరు మార్కుల రసాన్ని ఎవరూ అలా తాగరు.

*

కాలేజీ హాస్టలు
ఫిబ్రవరి

గౌరవనీయులైన శ్రీమతి వోయ్‌చిక్ గారికి,

ఆర్విడ్ నెల్వాగ్ అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం.

రుచుల బాటసారిని నేనే. ఈ ఏడాది నాకు మాటల పిచ్చి పట్టింది. నిఘంటువు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. మెడ పట్టేసింది కానీ 'ఘుమఘుమ'కు పదకొండు పర్యాయపదాలు వచ్చాయి. పత్రికవాళ్ళు రాయమనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

ఆ వాక్యం తిట్టు కాదండీ. నాకు తెలిసిన పొగడ్తల్లో అదే అన్నిటికన్నా పెద్దది. మా ఓడ్విన్ తాతయ్య పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర కొయ్యలా నిలబడ్డాను. తర్వాత చర్చి నేలమాళిగలో అందరికీ రొట్టె, బీఫ్ వడ్డించారు. మా నాయనమ్మ వండిన బీఫ్. మొదటి ముద్ద దిగిందో లేదో భోరుమన్నాను. మీ రసం నాలిక్కి తగలగానే మళ్ళీ ఆ నేలమాళిగలో ఉన్నాను. ఇంత మాట ఏ రసం గురించి రాయగలను?

గోల్డెన్ పైక్ రసం ప్యాకెట్‌దే కావచ్చు. కానీ మాంసం మీద ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు గుప్పెడు వేస్తారు. చిన్నప్పుడు ఉల్లి వాసనకే నేను వీధిలోకి పరుగెత్తేవాణ్ణి. హాస్టలు వంట తిన్నాక ఇప్పుడు ఉల్లిపాయ కనబడితే ఆప్తబంధువు కనబడినట్టుంది.

వచ్చే సంచికలోనే వివరణ వేయిస్తాను. మీ వంటవారి మనసు కుదుటపడుతుంది.

మీకో రహస్యం అప్పజెబుతున్నాను. నన్ను పెంచిన మా సిగ్నే నాయనమ్మ లూథరన్ చర్చి మహిళా సంఘం అధ్యక్షురాలు. మీ పబ్బు ముందు నుంచి నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతుంది. నేను పబ్బుల్లో అడుగుపెడుతున్నానని తెలిస్తే ఆవిడ గుండె తట్టుకోదు. దయచేసి ఆవిడ చెవిన పడనివ్వకండి.

విధేయుడు,
ఆర్విడ్ నెల్వాగ్

తా.క.: రసం తాగిన మాట నిజమే. కప్పు అడుగున బొమ్మ ఉందేమో చూద్దామనుకున్నాను.

*

పైక్ బెండ్
మార్చి

ఆర్విడ్‌కు,

ఇక నిన్ను మీరు, అయ్యా అనడం నా వల్ల కాదు. నీ పేరు చదివాక ఈసారి బస్తా మీద కూలబడింది నేను. ఎందుకని అడక్కు.

నీ రహస్యం నా నోట రాదు. రహస్యాలు దాచడంలో నన్ను మించినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అది ఎంత నిజమో నీకు తెలియదు.

కానీ నాయనా, ఆ వివరణ ఎందుకు వేయించావు? 'చావు భోజనానికి టిన్ రూస్టర్ రసాన్ని మించింది లేదు' అని అంతలావు అక్షరాలతోనా? మర్నాడే పక్క ఊరి రైతు ఒకడు ఫోను చేశాడు. వాళ్ళ పెదనాన్న పేరు మీద పెద్ద దేగిసా రసం కావాలట.
"అయ్యో, ఎప్పుడు పోయారు?" అన్నాను.
"ఇంకా పోలేదండీ, పేపరు చదివి ఆయనే చెప్పమన్నాడు" అన్నాడు.

అంతటితో ఆగలేదు. చావు భోజనాలు మా హక్కు అంటూ లూథరన్ మహిళా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పబ్బు రసాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. అధ్యక్షత మీ నాయనమ్మే. ఎంత ఆవేశంగా ఖండించిందో బయట ముసలాళ్ళు చెబుతుంటే విని నేనూ, నా వంటమనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

వంటమనిషి ఇంకా అటూఇటూగానే ఉన్నారు. ఈ గురువారానికి వచ్చారు, వచ్చే గురువారం సంగతి దేవుడికే తెలియాలి. నువ్వు మాత్రం వెతుక్కుంటూ దొడ్డివైపు రావద్దు. నీ కంట పడిన రోజే ఆ మనిషి నాకు దక్కకుండా పోతారు. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

ఇట్లు,
బెర్నడీన్

తా.క.: వంటమనిషి అడగమన్నారు. చలికి మఫ్లరు కట్టుకుంటున్నావా, లేక కాలేజీలో ఫ్యాషనని మెడ బోసిగా వదిలేసి తిరుగుతున్నావా? ఎందుకు అడిగారో నాకేం తెలుసు.

*

కాలేజీ హాస్టలు
మార్చి

గౌరవనీయులైన బెర్నడీన్ గారికి,

నమస్కారాలు. మొన్న గురువారం మీరు వద్దన్నా దొడ్డి తలుపు తట్టినందుకు వెయ్యి క్షమాపణలు. నా మాట వల్ల బాధపడిన మనిషికి నా నోటితోనే సంజాయిషీ చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

మీరు తలుపుకు అడ్డంగా నిలబడి "వంటమనిషి లేరు, ఇప్పుడే వెళ్ళిపోయారు" అన్నారు. పొయ్యి మీద గరిటె మాత్రం ఇంకా ఊగుతోంది. మాంసం దాచే చలిగదిలోంచి తుమ్ము వినపడింది. "ఎవరది?" అంటే "హామ్" అన్నారు మీరు. వేలాడదీసిన పంది తొడ తుమ్మడం నేను ఎక్కడా చదవలేదు, అయినా పెద్దవారితో వాదించడం మర్యాద కాదని ఊరుకున్నాను. తయారుగా ఉన్న డిప్ తిన్నాను. క్షమాపణ కోసం రాసుకొచ్చిన నాలుగు పేజీలూ గోడలకు చదివి వినిపించాను. మీరు మధ్యమధ్య చలిగది వైపు చూస్తూ "తొందరగా చదువు బాబూ, తొందరగా" అంటుంటే నా శైలి మిమ్మల్ని కదిలించిందనుకున్నాను.

వెళ్తూ కొక్కేనికి ఉన్న నీలం కోటు చూశాను. సరిగ్గా మా నాయనమ్మ కోటే! మోచేతి దగ్గర బూడిదరంగు దారంతో వేసిన మాసికతో సహా. మీ వంటవారు ఆవిడ కోటు కొట్టేశారేమోనని గుండె ఝల్లుమంది. ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ లేదు, చర్చిలో పాటల సాధనకు వెళ్ళింది. కాసేపటికి వచ్చింది, ఒంటి మీద అదే కోటు. హమ్మయ్య అనుకున్నాను. అంటే ఒకే దుకాణంలో కొన్న రెండు కోట్లు ఒకేచోట చిరిగాయన్నమాట. ఆ దుకాణం నాసిరకం బట్ట గురించి ఒక వ్యాసం రాయాలి. పాపం నాయనమ్మ ముక్కు నీలంగా మారి వణికిపోతోంది. చర్చిలో పొయ్యి ఆరిపోయిందట. టీ పెట్టిచ్చాను.

ఈసారి ఏడు వేశాను. ఆ తక్కువైనది ఏమిటో మాట ఇంకా దొరకలేదు.

ఒక మంచి ఆలోచన వచ్చింది. మీ వంటవారు సిగ్గుపడి దాక్కుంటున్నారు. ఊరంతా కలిసి మెచ్చుకుంటే ఆ సిగ్గు పోతుంది. అందుకని ఆఖరి పట్టికతో పాటు పాఠకులకు పోటీ పెడుతున్నాను: 'టిన్ రూస్టర్ రసం వెనకున్న చెయ్యి ఎవరిది?' గెలిచినవారి పేరు మొదటి పేజీలో.

విధేయుడు,
ఆర్విడ్

తా.క.: మఫ్లరు కట్టుకుంటున్నానని వారికి చెప్పండి. మా నాయనమ్మ కూడా పొద్దస్తమానం ఇదే అడుగుతుంది. పెద్దవాళ్ళందరూ ఒక్కటే.

*

పైక్ బెండ్
మార్చి, మంగళవారం

చిరంజీవి ఆర్విడ్‌కు,

పోటీ ఆపు. నీకు పుణ్యముంటుంది, ఆపు. కోటు కళ్ళారా చూసి కూడా పోల్చుకోలేనివాడు ఊరిని ప్రశ్నలడగడం ఏమిటి?

చలిగదిలో తుమ్మింది మీ నాయనమ్మ.

కూర్చున్నావా? కూర్చో. చెబుతాను.

మీ తాతయ్య గురువారం గురువారం చర్చిలో పాటల సాధన అని ఇంట్లో చెప్పి ఇక్కడికి వచ్చేవాడు. కిటికీ పక్క స్టూలు, ఒక బీరు, ఒక ఫ్రెంచ్ డిప్. ఇంకేమీ లేదు. ఆయన పోయిన తర్వాతి గురువారం దొడ్డి తలుపు ఎవరో కొట్టారు. తీస్తే సిగ్నే. చర్చి టోపీ, నీలం కోటు. ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"నా చేతి వంట కాదని ఆయన ఇక్కడ ఏం తిన్నాడో నాకు పెట్టు" అంది.

పెట్టాను. నిలబడే ముంచింది, నమిలింది. "ఇందుకా?" అంది. "ఈ ఉప్పునీళ్ళకా?"

"ఆయనా అదే అనేవాడు సిగ్నే" అన్నాను. "మా ఇంటి రసం ముందు ఇదెంత అని సణుక్కుంటూనే తినేవాడు."

"మరి ఎందుకొచ్చేవాడు?"

"ఇంట్లో మాట్లాడే వంతు తనకు రాదని. ఇక్కడికొచ్చి మాట్లాడేవాడు. మాట్లాడిందంతా నీ గురించే."

నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ ఒకేసారి వచ్చాయి. తర్వాత కోటు విప్పి కొక్కేనికి తగిలించి, నా చేతిలో గరిటె లాక్కుంది. ఆ రోజు నుంచి గురువారం రసం ఆమెది. కిటికీ పక్క స్టూలు కనబడేలా వంటింటి కిటికీ తెరిచి ఉంచమంటుంది. పాటల సాధన అన్న అబద్ధం కూడా మీ తాతయ్యదే, వారసత్వంగా తీసుకుంది.

నీ నాలుక తప్పు చెప్పలేదు బాబూ. చావు భోజనం వండిన చెయ్యి, నా రసం కాచే చెయ్యి ఒకటే. ఆ వాక్యం చూసి తన గుట్టు ఊరికి తెలిసిపోయిందని ఆమె హడలిపోయింది. తెలిస్తే మానేస్తుందని నేను హడలిపోయాను.

నిన్ను పంపించి చలిగది తలుపు తీసేసరికి కనుబొమల మీద మంచు. ఇక ఇదే ఆఖరి గురువారం అనుకున్నాను. నన్ను పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "నాలుగు పేజీలే! వాళ్ళ తాతలా 'బాగుంది' అని ఒక్క మాట అనలేకపోయాడు!" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "వీడు పబ్బుకు వస్తున్నానని నా దగ్గర దాస్తున్నాడు, నేను వీడి దగ్గర దాస్తున్నాను. ఇంత చలి ఎవరికోసం బెర్నడీన్? వచ్చే గురువారం ముందు తలుపున వస్తాను" అంది.

నా గుండె ఇప్పుడు కుదుటపడింది. మీ నాయనమ్మ కింద కాస్త జాగా వదలమంది. వదిలాను.

ఆశీస్సులతో,
బెర్నడీన్

తా.క.: ఈ చేతిరాతైనా పోల్చుకున్నావా, కోటు పోల్చుకోలేనివాడా? నీ ఉత్తరాలన్నీ బెర్నడీన్ నాకు చదివి వినిపించింది. చావు భోజనం వాక్యం తీసేయకు, ఉండనీ. ఆ తీర్మానం వచ్చే సమావేశంలో రద్దు చేయిస్తాను, అధ్యక్షురాలిని నేనే కదా. ఇక మార్కుల సంగతి. నువ్వు మొదటిసారి వచ్చిన రోజు కిటికీలోంచి నిన్ను చూశాను, బెర్నడీన్‌కు మాత్రం నీ పేరు చెప్పలేదు. అందరి రొట్టెలో వేసే వేయించిన ఉల్లిపాయలు, చిన్నప్పటి నుంచీ నీకు పడవని, నీ రొట్టెలో వేయలేదు. రెండోసారీ నువ్వు వస్తుంటే చూసి, ఉల్లిపాయలు తీసేశాకే చలిగదిలో దూరాను. ఇప్పుడు తింటున్నానని రాశావు గానీ నేను నమ్మలేదు, మాటల పిచ్చిలో పిల్లలు ఏమైనా రాస్తారు. నీకు అందని ఆ ఒక్క మాట ఉల్లిపాయ. గురువారం రా. తాతయ్య స్టూలు మీద నువ్వు కూర్చో, పక్కన నేను కూర్చుంటాను. ఉల్లిపాయలు వేసి పెడతాను. తిన్నాక వేద్దువుగాని మార్కులు. మఫ్లరు కట్టుకుని రా.