అక్క వేసిన ముడి

సతుర్నినా అక్కకి,

ఇది చదవగానే అమ్మను గుర్రమెక్కించి చర్చి గుట్ట మీదికి పంపు. గంట కొట్టించు. వాగు పక్కన ఎవర్నీ ఉండనివ్వకు.

పొద్దున లీమా నుంచి చూడ్డానికి వచ్చిన ఐదుగురిని మంచు సరస్సుకు తీసుకెళ్ళాను. నువ్వు ఎర్ర ఊలు దారంతో కట్టిచ్చిన మూడు కోకా ఆకుల్ని ఎప్పటిలాగే నీళ్ళ మీద వదిలాను. ఎప్పుడూ అక్కడే తేలుతుండేవి. ఈసారి సరస్సు నీళ్ళను ఆపే రాళ్ళగట్టు వైపు గబగబా పోయి, గిర్రున తిరిగి మునిగిపోయాయి.

“సరస్సమ్మకు బాగా ఆకలేసినట్టుందే మామా!” అని ఒకడు నవ్వాడు.

“నవ్వకు బాబూ. తల్లి మెచ్చి పుచ్చుకుంది. ఇంకేం భయంలేదు. గట్టు మీద తీరిగ్గా కూర్చోండి, తిండి తెస్తా” అన్నాను. సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి.

రొట్టెల మూట కోసం గట్టు కింద కట్టేసిన గుర్రం దగ్గరికి దిగాను. పొద్దున పొడిగా ఉన్న రాళ్ళ మధ్య నుంచి బురదనీళ్ళు పొంగుతున్నాయి. అందులో నీ ఎర్రదారం తేలుతోంది. ఉత్తరంలో పెట్టాను, చూడు. ముడి నీదే.

ఈ ఉత్తరం తెస్తున్న గుర్రాలు తోలే ఫోర్తునాతోగాడు నన్ను పైకి పోవద్దని చెయ్యి వదలడంలేదు. కానీ వాళ్ళింకా ఆ గట్టు మీదే కూర్చుని ఉంటారు. కూర్చోమన్నది నేనే కదక్కా.

నీ తమ్ముడు