ఒక్క అర ఖాళీ

ఏమండీ,

చిన్నప్పటి నుంచీ మీరు పోగేసిన బబుల్‌గమ్ క్రికెట్ కార్డుల్లో తక్కువైన ఆ ఒక్కటీ దొరికింది. మొన్న మీ సంవత్సరీకానికి వస్తూ మీ తమ్ముడు మాచర్లలో సంపాదించి తెచ్చాడు.

"సెట్టు నిండింది వదినా. అన్న ఇంకేం ఎతుక్కుంటాడు" అన్నాడు.

ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న అరలో నేనే పెట్టాను.

ఈ ఏడాదంతా, కొట్టు షట్టర్ దించగానే, మీరున్నప్పటిలాగే లోపలి గదిలో ఆల్బమ్ తిరగేస్తున్న చప్పుడు వినబడేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు. కార్డు పెట్టిన సాయంత్రం వినబడలేదు. నిన్నా లేదు.

అందుకే ఇవాళ ఆ కార్డు తీసి ఎండుమిరపకాయల డబ్బాలో దాచాను. "ఏమే, నా కార్డు యాడ పెట్టావు" అని అడగండి.

షట్టర్ దించేశాను. మీ గది వైపు చెవి వేసి ఇది రాస్తున్నాను.